స్టాంపు పేపరు ఒక్కటే ఉంటే బోటు మీదైపోదు

ప్రశ్న: మాది సంతబొమ్మాళి మండలం భావనపాడు. పూసపాటిరేగ వైపు ఒకాయన ఫైబర్ బోటు, ఇంజనుతో కలిపి 3 లక్షల 80 వేలకు ఇస్తానంటున్నారు. ఆయనా రెండేళ్ల కిందట వేరొకరి దగ్గర కొన్నారట. నోటరీ చేసిన స్టాంపు పేపరు తప్ప ఏమీ చూపించలేదు. వేట నిషేధం ముగిసేలోగా డబ్బు కట్టమంటున్నారు. కొనవచ్చా? తర్వాత ఇంజను పాడైతే అడగవచ్చా?

జవాబు: జూన్ 14 దాటితే బోటు దొరకదన్న టెన్షన్ మీకు ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండి.

తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి అమ్మలేరు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షను చెప్పే మూల సూత్రం ఇదే. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది కానీ, బోటు ఎవరిదో చెప్పదు. బోటు పక్కన ‘ఐఎన్‌డీ ఏపీ’తో మొదలయ్యే నంబరు రాసి ఉంటుంది. అది రాసుకుని, ఆ రిజిస్ట్రేషన్ జరిగిన జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి రికార్డులో ఎవరి పేరుందో చూడండి. మీ సచివాలయంలోని మత్స్య సహాయకుణ్ణి తోడు తీసుకెళ్తే పని తేలికవుతుంది. రికార్డులో ఇంకా మొదటి యజమాని పేరే ఉంటే, ఆయన వచ్చి సంతకం పెట్టాల్సిందే. పేరు మారకపోతే డీజిల్ రాయితీ, నిషేధ కాలపు భృతి దగ్గర మీరే ఇబ్బంది పడతారు.

అప్పుల సంగతి కూడా అక్కడే అడగండి. సబ్సిడీతో తీసుకున్న బోటయితే కొంతకాలం అమ్మకూడదనే షరతు ఉండవచ్చు. బ్యాంకు లోను తీరి ఉంటే, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన లేఖ అసలు ప్రతి చూపించమనండి. చాలామందికి తెలియని మాట ఇంకొకటి ఉంది. పాత యజమాని కళాసీలకు జీతాలు బాకీ పడి ఉంటే, ఓడలు, బోట్ల మీది బాకీల దావాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ప్రకారం ఆ బాకీ బోటు వెంటే వస్తుంది. యజమాని మారినా, జీతం ఇవ్వాల్సిన రోజు నుంచి 2 ఏళ్ల దాకా అది ఉంటుంది. అందుకే ఆ బోటు మీద వేటకు వెళ్లిన వాళ్లతో ఒకసారి మాట్లాడండి.

ఇక ఇంజను. పాత సరుకు కొన్నప్పుడు బాగోగులు చూసుకోవాల్సింది కొనేవాడే. అమ్మేవారు అబద్ధం చెప్పి మోసం చేస్తే కాంట్రాక్టు చట్టం కింద దావా వేయవచ్చు. నోరు మెదపకుండా ఊరుకుంటే, మామూలుగా చూస్తే తెలిసే లోపాన్ని మీరెందుకు చూసుకోలేదని కోర్టు అడుగుతుంది. అమ్మేది వ్యాపారి కాదు కనుక వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కూడా సాధారణంగా ఉండదు. కాబట్టి మీకు నమ్మకమైన మెకానిక్కును తీసుకెళ్లండి. ఇంజను నంబరును బిల్లుతో సరిచూడండి. ఇంజను బిగించే వెనక పలకను వేళ్లతో కొట్టి చూడండి, లోపలి చెక్క కుళ్లితే శబ్దం మొద్దుగా వస్తుంది. కొత్తగా రంగు వేసిన చోట అతుకు ఉందేమో గమనించండి. నిషేధం ఎత్తేశాక ఒక పూట సముద్రంలో నడిపించి చూడండి. ఆ బోటు మీద మీతో పాటు ఇంకో నలుగురి ప్రాణాలు ఉంటాయి కదా.

ఇవన్నీ సరిపోతే ఒప్పందం రాసుకోండి. అందులో బోటు నంబరు, ఇంజను నంబరు, బాకీలు లేవన్న హామీ, బాకీలు బయటపడితే తానే తీరుస్తానన్న మాట ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. సగం ఒప్పందం రాసుకున్న రోజున ఇచ్చి, మిగతా సగం రికార్డులో మీ పేరు ఎక్కిన రోజున ఇస్తానని రాయించండి. ఇన్సూరెన్సు ఉంటే అదే రోజు మీ పేరు మీదకు మార్చమని కంపెనీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి.