డిష్ దించే ముందు ఒక ఇన్నింగ్స్ రికార్డు చేసి చూడండి

టెక్ సందేహాలు

*మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. పదకొండేళ్లుగా డిష్ కనెక్షన్ ఉంది, రికార్డింగ్ సౌకర్యమున్న హెచ్‌డీ బాక్స్. వెస్టిండీస్‌లో టెస్టు మ్యాచ్ ఉంటే రాత్రి రికార్డింగ్ పెట్టి పడుకుని, పొద్దున కాఫీ తాగుతూ చూస్తాను. మా ఆవిడ సీరియళ్లు కూడా అందులోనే. అక్టోబరు వచ్చిందంటే టెన్షన్. వాన పడితే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, రికార్డింగ్ మధ్యలో తెగిపోతోంది. మా వీధి కేబుల్ ఆయన 'డిష్ పీకేయండి సార్, హెచ్‌డీ బాక్స్ ఇస్తా, పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే రికార్డింగ్ కూడా అవుతుంది' అంటున్నాడు. మారిపోమంటారా? – ఒక రిటైర్డ్ టీచరు*

మాస్టారూ, మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయాయి. వానకు బొమ్మ పోవడం ఒకటి, రికార్డింగ్ ఇంకొకటి. కేబుల్ మొదటిదాన్ని చాలావరకు తీరుస్తుంది. రెండోదాన్ని తీరుస్తుందో, కొత్త తలనొప్పి తెచ్చిపెడుతుందో ఆయన చేతిలో ఉన్న బాక్స్‌ని బట్టి ఉంటుంది.

ముందు వాన సంగతి. మన మేడ మీది చిన్న డిష్ పట్టుకునే తరంగం పొడవు సుమారు అంగుళం. జడివాన కురుస్తుంటే చినుకులు దాన్ని దారిలోనే మింగేస్తాయి. కేబుల్ వాళ్లకు మాత్రం ఛానెళ్లు ఎక్కడినుంచి వస్తాయనుకున్నారు? వాళ్లకూ చాలావరకు ఆకాశం నుంచే. కాకపోతే వాళ్ల కంట్రోల్ రూమ్ దగ్గర మనిషి ఎత్తు దాటిన పెద్ద డిష్‌లుంటాయి, అవి పట్టే తరంగం పొడవు దాదాపు మూడంగుళాలు. దానికి వాన పెద్దగా అడ్డు కాదు. అక్కడినుంచి మీ ఇంటిదాకా వచ్చేది వైరే. అందుకే పక్కింట్లో కేబుల్ టీవీ వానలో కూడా ఆడుతుంటే మన ఇంట్లో 'నో సిగ్నల్' అని కనిపిస్తుంది.

మన నెల్లూరుకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల్లోనే కాబట్టి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో డిష్ ఉన్నవాళ్లకు ఈ బాధ తప్పదు. అయితే ఎంత వానకు పోతోందో గమనించండి. కుండపోతగా కురిసే పదిహేను నిమిషాలు బొమ్మ పోయి మళ్లీ వస్తే అది ప్రకృతి. తుంపరకే పోతుంటే, వాన వెలిశాక కూడా గంటసేపు రాకుంటే, తప్పు మేడ మీద ఉంది.

నా అనుభవమే చెబుతాను. మా ఇంట్లో రెండేళ్ల క్రితం ఇదే గొడవ. కంపెనీ మనిషి మూడుసార్లు వచ్చాడు. ఒకసారి రిమోట్ తప్పన్నాడు, ఒకసారి బాక్స్ మార్చాలన్నాడు, మూడోసారి 'మీ ఏరియాలో అంతే సార్' అని డబ్బులు తీసుకుని పోయాడు. చివరికి నేనే మేడెక్కి, డిష్ చేతికి చివర ఉండే, సిగ్నల్ పట్టే చిన్న డబ్బా (ఎల్ఎన్‌బీ) దగ్గర వైరు మర తిప్పి ఊడదీస్తే లోపలి రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది. సముద్రపు గాలికి మన తీరంలో ఇది మామూలే. వైరు కొస రెండంగుళాలు కత్తిరించి, కొత్త కనెక్టర్ బిగించి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టాను. ఖర్చు పదుల్లోనే. మరో సంగతి కూడా ఆ రోజే బయటపడింది. బట్టలు ఆరేసే దండెం ఒక కొసను మావాళ్లు డిష్ కడ్డీకి కట్టారు! తడి దుప్పట్లు ఆరేసిన రోజు డిష్ కాస్త వంగేది. ఒకటి రెండు డిగ్రీలు కదిలినా ఈ డిష్‌లకు చూపు తప్పుతుంది. మీ మేడ మీద కూడా ఒకసారి చూడండి. పదకొండేళ్లంటే డిష్ పెట్టినప్పుడు మొక్కగా ఉన్న వేప ఇప్పుడు చెట్టై అడ్డం వచ్చి ఉండవచ్చు.

ఇక రికార్డింగ్. నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే, కేబుల్ ఆయన పూర్తిగా చెప్పనిది కూడా ఇదే. మీ పాత బాక్స్ వెనక చూడండి, డిష్ నుంచి రెండు వైర్లు వచ్చి ఉంటాయి. అంటే లోపల రెండు ట్యూనర్లు, అంటే ఛానెల్‌ను పట్టే భాగాలు, ఉన్నాయన్నమాట. ఒకటి మీ క్రికెట్‌ను రికార్డు చేస్తుంటే రెండోది మీ ఆవిడ సీరియల్ చూపిస్తుంది. కేబుల్ వాళ్లు మామూలుగా ఇచ్చే బాక్సుల్లో ఉండేది ఒకటే ట్యూనర్. రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ ఆ ఛానెలే చూడాలి. మహా అయితే అదే ఫ్రీక్వెన్సీలో వచ్చే మరో నాలుగైదు ఛానెళ్లకు మారనిస్తుంది. ఆ నాలుగైదులో మీ ఆవిడ చూసే ఛానెల్ ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. సాయంత్రం ఏడున్నరకు టెస్టు మొదలై, సీరియల్ కూడా అప్పుడే ఉంటే ఇంట్లో ఏం జరుగుతుందో మీకే బాగా తెలుసు.

'పెన్‌డ్రైవ్ పెట్టుకోండి' అన్న మాట వినడానికి తేలిక. లెక్క వేద్దాం. హెచ్‌డీ ఛానెల్ సెకనుకు ఎనిమిది మెగాబిట్ల లెక్కన వస్తుందనుకుంటే, అది సెకనుకు ఒక మెగాబైట్, గంటకు 3.6 జీబీ. టెస్టులో ఒక రోజు ఆట లంచ్, టీ కలుపుకుని ఏడు గంటలు, అంటే 25 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒక్క రోజు ఆటతో నిండిపోతుంది. అయిదు రోజులకు 125 జీబీ కావాలి. పైగా పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు. మంచి బాక్స్ అయితే ఫైలును ముక్కలు చేసుకుంటూ పోతుంది. కొన్ని మాత్రం గంట దాటగానే ఆగిపోతాయి. ఓపెనర్లు కుదురుకునే లోపే మీ రికార్డింగ్ ఔట్! అందుకని 500 జీబీ హార్డ్‌డిస్క్ తగిలించండి. దాన్ని పెట్టాక లోపల టిక్ టిక్ మని చప్పుడొచ్చి ఆగిపోతుంటే బాక్స్ యూఎస్‌బీ నుంచి దానికి సరిపడా కరెంటు అందట్లేదని అర్థం. సొంత అడాప్టర్ ఉన్న డిస్క్ కావాలి.

కరెంటంటే గుర్తొచ్చింది. డిష్‌కు మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే చాలు. కేబుల్‌కు మీ వీధి స్తంభం మీది యాంప్లిఫయర్‌కు కూడా కరెంటు ఉండాలి. అది ఏ కిరాణా కొట్టు మీటరు నుంచో తీసుకుని ఉంటారు. ఆ కొట్టుకు కరెంటు పోతే మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటుంది, టీవీ మాత్రం రాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు మన జిల్లాలో చూశాం కదా. తుపాను గాలికి డిష్ పక్కకు తిరిగితే మనిషి వచ్చి సరిచేసి పోతాడు, చెట్టు పడి కేబుల్ వైరు తెగితే వీధి వీధంతా ఎదురుచూడాలి.

పాత రికార్డింగుల మీద ఆశ వదులుకోండి. అవి ఆ బాక్స్‌కు, ఆ కనెక్షన్‌కు తాళం వేసినట్టు ఉంటాయి. హార్డ్‌డిస్క్ ఊడదీసి కేబుల్ బాక్స్‌కు పెడితే 'ఫార్మాట్ చేయనా?' అని అడుగుతుంది. పొరపాటున ఓకే నొక్కారో, అన్నీ పోతాయి.

డబ్బు విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పద్ధతిలో ఛానెల్ గరిష్ఠ ధరను ఆ ఛానెల్ వాళ్లే ప్రకటిస్తారు. 19 రూపాయల ఛానెల్ డిష్‌లో అయినా కేబుల్‌లో అయినా 19 రూపాయలే, పైన 18 శాతం జీఎస్టీ. తేడా నెట్‌వర్క్ చార్జీలో, బాక్స్ డిపాజిట్‌లో, ఆఫర్లలో ఉంటుంది. మీ డిష్ బాక్స్ మాత్రం ఇంకెవరికీ పనికిరాదు. ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీకి పనిచేయదు.

నా మాట ఇది. ముందు మేడ మీద కనెక్టరు బాగు చేయించండి. నవంబరు వానల్లో ఎలా ఉందో చూడండి. అప్పటికీ కుదరకపోతే, డిష్ దించకుండానే ఒక నెల కేబుల్ పెట్టించుకోండి. ఆయన ఎదురుగానే మూడు పనులు చేయించండి. ఒక ఛానెల్ రికార్డు అవుతుండగా ఇంకోటి మార్చి చూడండి. రాత్రికి టైమర్ పెట్టి, బాక్స్ ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి, టైమర్ మిగిలిందో లేదో చూడండి. ఒక ఇన్నింగ్స్ పూర్తిగా రికార్డు చేసి చివరిదాకా ఆడించండి. గడ్డి మీద పచ్చదనం ముద్దగా అయిపోతోందా, కింద స్కోరు అక్షరాల అంచులు చెదురుతున్నాయా గమనించండి. కేబుల్ వాళ్లు కొందరు ఛానెళ్లను మళ్లీ కుదించి పంపుతారు, అది ముందుగా పచ్చిక మీదే తెలిసిపోతుంది. రెండు ట్యూనర్ల బాక్స్ ఇవ్వలేనంటే, మీరైతే మారవద్దు. సీరియళ్లు ఒక్కటే అయితే యాప్‌లలో మర్నాటికి దొరుకుతాయి, మీ టెస్టులకు మాత్రం అలా కుదరదు. ఈ ఏడాది ఈ యాప్‌లో ఉన్న మ్యాచ్ వచ్చే ఏడాది ఎక్కడుంటుందో మన చేతిలో లేదు.

  

*కేబుల్ బాక్స్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి మా అమ్మాయి నాట్యం చేసిన టీవీ ప్రోగ్రామ్ రికార్డు చేశాను. బాక్స్‌లో చక్కగా ఆడుతోంది. ల్యాప్‌టాప్‌లో పెడితే ఫైలు తెరుచుకోవట్లేదు. ఏ ప్లేయర్ వేసుకోవాలి? – కావలి నుంచి*

ఏ ప్లేయరూ పనిచేయదమ్మా. బాక్స్ ఆ ఫైలుకు గుప్త సంకేతం వేసి రాస్తుంది, తాళం చెవి ఆ బాక్స్‌లోనే ఉంటుంది. రేపు బాక్స్ పాడై కొత్తది ఇచ్చినా పాతది తెరుచుకోదు. 'కన్వర్టర్' అంటూ ఇంటర్నెట్‌లో దొరికే సాఫ్ట్‌వేర్లు దించుకోకండి, వాటిలో వైరస్ తప్ప మరేమీ దొరక్కపోవచ్చు. ఆ ప్రోగ్రామ్ ఆ ఛానెల్ యూట్యూబ్ పేజీలో ఉందేమో వెతకండి. లేకపోతే సిగ్గుపడకుండా, గది లైట్లు ఆర్పి, ఫోన్‌ను స్టాండు మీద పెట్టి టీవీ తెరనే వీడియో తీసి దాచుకోండి. అమ్మాయి జ్ఞాపకం ముఖ్యం, నాణ్యత కాదు.

*ఒంగోలు నుంచి రాస్తున్నాను. కొత్త టీవీ రిమోట్ మీద 'రికార్డ్' బటన్ ఉంది. సెట్‌టాప్ బాక్స్ చూస్తూ నొక్కితే పనిచేయదు. టీవీ లోపమా?*

లోపం కాదు. ఆ బటన్ టీవీ లోపలి ట్యూనర్‌కు నేరుగా వచ్చే ఛానెళ్లకే పనిచేస్తుంది. బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ వైరులో వచ్చేవాటికి కాపీ కాకుండా హెచ్‌డీసీపీ అనే రక్షణ ఉంటుంది. టీవీలో ఉపగ్రహ ట్యూనర్ ఉంటే, డీడీ ఫ్రీ డిష్‌లోని ఉచిత ఛానెళ్లను కొన్ని టీవీలు రికార్డు చేసిపెడతాయి.

*చీమకుర్తిలో ఉంటాం. హెచ్‌డీకి మారి నెలకు డబ్బులు ఎక్కువ కడుతున్నాం. తేడా ఏమీ కనిపించట్లేదు.*

బాక్స్ వెనక ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు ఉందా? ఉంటే తీసేసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి, ఆ మూడు రంగుల వైర్లలో హెచ్‌డీ రాదు. తర్వాత బాక్స్ సెట్టింగ్స్‌లో 1080ఐ ఎంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు చూస్తున్నది ఏ నంబరు ఛానెల్? హెచ్‌డీ ఛానెల్‌కు వేరే నంబరు ఉంటుంది. అలవాటు కొద్దీ పాత నంబరే నొక్కుతూ, హెచ్‌డీకి డబ్బు కట్టి మామూలు బొమ్మ చూస్తున్న ఇళ్లు నాకు బోలెడు తెలుసు.

*మా సింగరాయకొండలో ఏపీ ఫైబర్ ఉంది. డిష్, కేబుల్ గొడవ లేకుండా అదే తీసుకుంటే రికార్డింగ్‌కు మంచిదా?*

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ రాష్ట్ర ప్రభుత్వ పథకంలో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే గాజు తీగలో వస్తాయి. గాజు తీగకు వాన బెడద లేదు, చిలుం పట్టదు. ఇంట్లో గోడకు పెట్టిన పెట్టెకు కరెంటు ఉండాలి, దాన్ని కూడా ఇన్వర్టర్ లైనుకు కలపండి. రికార్డింగ్ మాటకొస్తే మాస్టారికి చెప్పిన మూడు పరీక్షలే మీకూ. పెట్టడానికి వచ్చిన అబ్బాయికి టీ ఇచ్చి కూర్చోబెట్టి, అతనున్నప్పుడే చేయించండి. అతను బండెక్కి వెళ్లిపోయాక ఫోన్ ఎత్తడు.