సూర్యుడి మచ్చలను పిల్లల చేత కొలిపించే ముందు

చి. అమ్మాయికి, మాస్టారి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బడికి ఇంటర్నెట్టు వచ్చిందనీ, ఉపగ్రహాలు పంపే తాజా చిత్రాలను రోజూ తెర మీద చూపించి పిల్లలతో పాటు ఊరివాళ్లకూ సైన్సు మీద ఆసక్తి కలిగించాలని ఉందనీ రాశావు. చాలా సంతోషం. అయితే చూపించడం కంటే కొలిపించడం మీద ఎక్కువ దృష్టి పెట్టు. రంగురంగుల నిహారికలను చూపిస్తే పిల్లలు మొదటి రోజు నోళ్లు తెరుస్తారు, నాలుగో రోజు ఆవలిస్తారు.

నా మాట విని సూర్యుడితో మొదలుపెట్టు. 2010 ఫిబ్రవరిలో నాసా ప్రయోగించిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ అనే ఉపగ్రహం తీసే చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, రోజంతా కొత్తవి వస్తూనే ఉంటాయి, మన ఊళ్లో మబ్బు పట్టినా ఆగవు. వాటిలో మచ్చలు, అంటే సూర్యుడి మీద చుట్టుపక్కల కన్నా చల్లగా ఉండి నల్లగా కనిపించే చోట్లు, స్పష్టంగా కనిపించే మామూలు వెలుగు చిత్రాన్ని ఎంచుకుని, సూర్యబింబం సరిగ్గా 15 సెంటీమీటర్ల వ్యాసం ఉండేలా రోజుకొక ప్రింటు తీయించు. దాని మీద నూనె కాగితం పరచి, బింబపు అంచునూ పెద్ద మచ్చనూ పెన్సిలుతో గీయించి, మరునాటి ప్రింటు మీద అదే కాగితాన్ని అంచుకు అంచు కలిపి పెట్టించు. మచ్చ ఎడమ నుంచి కుడికి జరిగి ఉంటుంది. బింబం నడుమ ఉన్నప్పుడు రోజుకు సుమారు 1.7 సెంటీమీటర్లు జరిగే మచ్చ, అంచుకు చేరేసరికి అర సెంటీమీటరు కూడా కష్టంగా జరుగుతుంది. మచ్చ అలసిపోయిందని పిల్లల్లో ఎవరో ఒకరు తప్పక అంటారు. అప్పుడు వెంటనే జవాబు చెప్పెయ్యకు. ఒక రబ్బరు బంతికి బొట్టుబిళ్ల అంటించి, వాళ్ల చేతికే ఇచ్చి, నెమ్మదిగా తిప్పుతూ ఒంటికన్నుతో చూడమను. బల్లపరుపు చిత్రం వెనుక గుండ్రటి సూర్యుడున్నాడని ఆ బొట్టుబిళ్ల చెప్పినంత బాగా నేను ముప్పై ఏళ్లలో ఎన్నడూ చెప్పలేకపోయాను. ఒక మచ్చ ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కనుక, పూర్తి చుట్టుకు సుమారు 27 రోజులని వాళ్లే లెక్క తేలుస్తారు.

నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఒక ఏడాది ప్రింటు తీసే వేళను పట్టించుకోకుండా, ఒకనాడు పొద్దున, మరునాడు సాయంత్రం, ఆ మరునాడు మళ్లీ పొద్దున తీయించాను. మచ్చ ఒక రోజు 2.4 సెంటీమీటర్లు, తరువాతి రోజు ఒక్క సెంటీమీటరు జరిగినట్టు వచ్చింది. పిల్లలు సూర్యుణ్ణే అనుమానించారు, నేనూ ఒక పూటంతా తల పట్టుకున్నాను. చిత్రం మూలన అచ్చయ్యే సమయం గ్రీనిచ్ కాలమానంలో ఉంటుందనీ, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుందనీ మొదటి రోజే చెప్పు.

ఆ 15 సెంటీమీటర్ల బింబం పక్కన ఒక ఆవగింజ పెట్టించడం మరువకు. మన భూమి అంతే ఉంటుంది. 2024 మే నెలలో భూమికి పదిహేను రెట్ల వెడల్పున్న మచ్చల గుంపు ఒకటి కనిపించింది. అక్కడి నుంచి వెలువడిన విస్ఫోటనాల వల్ల భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమై వచ్చిన అయస్కాంత తుఫానుకు లడఖ్‌లోని హాన్లేలో సైతం రాత్రి ఆకాశం ఎర్రబడింది. మన బడులకు అప్పుడు వేసవి సెలవులు. సూర్యుడు మన క్యాలెండరు చూసి పనిచేయడు కదా!

ఊరివాళ్ల విషయానికి వస్తే, వాళ్లను బడికి పిలవడం కన్నా బడి లెక్కను వాళ్లున్న చోటికి పంపడం మేలు. మచ్చల గుంపుల సంఖ్యను పదితో హెచ్చవేసి, దానికి విడి మచ్చల సంఖ్యను కలిపే పద్ధతిని 1848లో స్విట్జర్లాండు ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్ ప్రవేశపెట్టాడు. ఆ అంకెను రోజూ ఒక విద్యార్థి పాలకేంద్రం దగ్గరి పలక మీద రాయాలి. పాలు పోయడానికి వచ్చినవాళ్లు వారంలోగా అదేమిటని అడుగుతారు. జవాబు నువ్వు కాక ఆ విద్యార్థే చెప్పాలి. బ్రస్సెల్స్‌లోని రాయల్ అబ్జర్వేటరీ ప్రకటించే అంకెతో మీ అంకె కలవకపోతే దిద్దించవద్దు, రెండూ పక్కపక్కన రాయించు. ఈ మచ్చల వల్ల వాన పడుతుందా, జాతకం మారుతుందా అని పెద్దలు అడిగితే వెటకారం చేయకు. రేడియో సంకేతాల మీదా, ఉపగ్రహాల మీదా వీటి ప్రభావం ఉంటుందనీ, రేపటి వానను వీటిని బట్టి చెప్పలేమనీ మర్యాదగా చెబితే చాలు.

నీది గుంటూరు జిల్లా కావడం ఒక అదృష్టం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనే పరిశీలించి, గ్రహణం లేకున్నా సూర్యుడి అంచున లేచే జ్వాలలను, వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో చూడవచ్చని మరునాడే నిరూపించాడు. ఊరి సభలో ఈ కథతో మొదలుపెడితే, ఇది ఎక్కడి నుంచో వచ్చిన చదువని ఎవరూ అనుకోరు.

ఇక జాగ్రత్త. తెర మీది సూర్యుణ్ణి చూసిన ఉత్సాహంలో పిల్లలు ఆకాశంలోని సూర్యుణ్ణి నేరుగా చూడబోతారు. అది ఎంతమాత్రం కూడదని రోజూ చెప్పు. చిన్న రంధ్రం చేసిన కాగితాన్ని అద్దానికి అంటించి, ఎండను చీకటి గదిలోని దూరపు గోడ మీదికి మళ్లిస్తే, అక్కడ పడే బింబాన్ని అందరూ నిశ్చింతగా చూడవచ్చు. చాలా పెద్ద మచ్చ ఉన్న రోజున అది మసకగానైనా కనిపించవచ్చు.

మొదటి పది కాగితాలు పూర్తయ్యాక నాకు పోస్టులో పంపు. తప్పులు దిద్దకుండా, ఒక్కొక్క దాని మూలన తేదీ, సమయం పిల్లల చేతిరాతతోనే ఉండేలా చూడు.

ఇట్లు,
నీ మాస్టారు