శాలువా పక్కన ఫైలు పెట్టు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కి జాతీయ భద్రతా సలహాదారుగా, తర్వాత విదేశాంగ మంత్రిగా పనిచేసిన హెన్రీ కిసింజర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను, పక్కన పెట్టి మళ్ళీ చదివాను. నీ కోపం నిజమైనదే. దాన్ని తగ్గించుకోమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ కోపం పాఠకుడి దాకా రాకుండా నీ దగ్గరే ఖర్చయిపోయింది, నా బాధ అది. మొదటి పేరాలోనే ‘నరరూప రాక్షసుడు’ అనేశావు. నీతో ఏకీభవించేవాళ్ళు తలూపి వెళ్ళిపోతారు. ఏకీభవించనివాళ్ళు అక్కడే ఆపేస్తారు. ఏం జరిగిందో అసలు తెలియనివాళ్ళ కోసం కదా నువ్వు రాయాల్సింది, వాళ్ళకి ఏమీ దొరకలేదు.

వ్యాసమంతా ‘వాడు’ అని రాశావు. ‘ఆయన’ అను. చేసిన పని ఎంత ఘోరమో ఆ పని వివరాల్లోంచే తెలియాలి.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఎత్తుకున్నావు. సామెత బాగుంది గానీ ఇక్కడ అతకదు. ఆయన 2023 నవంబరు 29న నూరేళ్ళు దాటాక పోయాడు. పొగడ్తలు మాత్రం చావు దాకా ఆగలేదు. 1973లో నోబెల్ శాంతి బహుమతి. ఆయనతో పాటు బహుమతి ప్రకటించిన వియత్నాం నాయకుడు లె డుక్ థో, శాంతి ఇంకా రాలేదంటూ తీసుకోలేదు. నోబెల్ కమిటీలో ఇద్దరు రాజీనామా చేశారు. 1977లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్. 2002లో జార్జి బుష్ సెప్టెంబరు 11 దాడుల విచారణ కమిషన్‌కి ఆయన్నే అధ్యక్షుడిగా వేశాడు. తన కన్సల్టింగ్ కంపెనీ క్లయింట్ల పేర్లు బయటపెట్టాల్సి వస్తుందనేసరికి ఆయన తప్పుకున్నాడు. 2016 మేలో ఒబామా ప్రభుత్వ రక్షణ శాఖ పురస్కారం ఇచ్చింది. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా ఉన్న సమంతా పవర్, జాతిహననాల మీద పుస్తకం రాసి పేరు తెచ్చుకున్న మనిషి, అదే ఏడాది కిసింజర్ పేరిట ఇచ్చే బహుమతి అందుకుంది. నూరో పుట్టినరోజు విందుకి బైడెన్ ప్రభుత్వ విదేశాంగ మంత్రి బ్లింకెన్ వెళ్ళాడు. పార్టీలు మారాయి, అధ్యక్షులు మారారు, శాలువా మాత్రం ఆ భుజాల మీదే ఉంది.

ఈ జాబితా నీ వ్యాసంలోనూ ఉంది. కానీ ఒకే ఊపులో చదివించి వదిలేశావు. ప్రతి సన్మానం పక్కనా ఒక ఫైలు పెట్టు. ఆ ఫైళ్ళు ఇప్పుడు చాలావరకు బయటికొచ్చాయి, ఊహించి రాయాల్సిన అవసరం లేదు.

వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా రహస్యంగా బాంబులు వేసిన పొరుగు దేశం కంబోడియా గురించి నువ్వు ‘లక్షల టన్నుల బాంబులు’ అని రాశావు. లక్షల టన్నులు ఎవరికీ కనిపించవు. హాల్ నైట్ అనే అమెరికన్ మేజర్ సంగతి రాయి. దక్షిణ వియత్నాంలో బియెన్ హోవా రాడార్ కేంద్రంలో పనిచేశాడు. బి-52 విమానాలు బాంబులు ఎక్కడ వదలాలో కింది నుంచి చెప్పే చోటు అది. సాయంత్రం సైగాన్ నుంచి అసలు లక్ష్యాల వివరాలు వచ్చేవి. అవి కంబోడియా లోపలివి. రాత్రి దాడి అయిపోయాక ఆ కాగితాలన్నీ తగలబెట్టి, బాంబులు దక్షిణ వియత్నాంలోనే వేసినట్టు రిపోర్టు నింపాలి. నైట్ ఈ సంగతి 1973లో సెనేట్ కమిటీ ముందు చెప్పాడు. 1969, 1970ల్లో జరిగిన 3,875 దాడుల్లో ప్రతిదాన్నీ కిసింజర్ ఆమోదించాడని అమెరికా రక్షణ శాఖ పెంటగానే అదే ఏడాది నివేదిక ఇచ్చింది. కాగితాలు కాలుస్తున్న ఆ మనిషిని చూపించు. నువ్వు తిట్టనక్కర్లేదు.

మరుసటి ఏడాది నిక్సన్ మీద అభిశంసన వచ్చింది. కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయించడం కూడా ఒక అభియోగంగా పెట్టాలని కొందరు అడిగారు. అమెరికా దిగువ సభకి చెందిన హౌస్ జుడీషియరీ కమిటీ 26-12 ఓట్లతో దాన్ని తోసిపుచ్చింది. వాటర్‌గేట్ దొంగతనాన్ని కప్పిపుచ్చినందుకు అధ్యక్షుణ్ణి దింపడానికి సిద్ధపడ్డ వాళ్ళే ఇంకో దేశం మీద చాటుగా బాంబులు వేయించడాన్ని వదిలేశారు. తప్పించుకోవడం మొదలైంది అక్కడే. ఈ ఓటు నీ వ్యాసంలో లేకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపించింది.

బంగ్లాదేశ్‌ని ఒక్క వాక్యంలో దాటేశావు. మనవాళ్ళు చదివే వ్యాసంలో అది కుదరదు. 1971 మార్చి 25 రాత్రి పాక్ సైన్యం ఢాకా మీద పడింది. ఏప్రిల్ 6న అక్కడి అమెరికన్ కాన్సులేట్ నుంచి వాషింగ్టన్‌కి ఒక టెలిగ్రామ్ వెళ్ళింది. ఇరవై మంది అమెరికన్ అధికారులు సంతకం చేశారు. ‘ఇక్కడ ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేదు, దారుణాలు జరుగుతుంటే ఖండించలేదు, ఇది నైతిక దివాళా’ అని సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ వాళ్ళని సమర్థిస్తూ దాన్ని పంపాడు. కొన్నాళ్ళకే ఆయన్ని వెనక్కి పిలిచి మూలన కూర్చోబెట్టారు. ఆ నెలాఖరులో కిసింజర్ పంపిన నోటు మీద నిక్సన్ తన చేత్తో రాశాడు: ఈ సమయంలో యాహ్యాని ఒత్తిడి చెయ్యొద్దు. ఎందుకంటే చైనాతో మాటలకి దారి పాక్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ ద్వారా తెరుచుకుంటోంది. జులైలో కిసింజర్ కడుపునొప్పి వంకతో పాకిస్తాన్ నుంచే రహస్యంగా బీజింగ్ వెళ్ళాడు. ఆ ఏడాది కోటి మంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. డిసెంబరులో భారత్-పాక్ యుద్ధం వచ్చినప్పుడు మనల్ని బెదిరించడానికి అమెరికా ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. ఆ నెల మొదట్లోనే మా విశాఖ తీరానికి దగ్గర్లో పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. బీచ్ రోడ్డులో ఆ యుద్ధ స్మారకం దగ్గర ఫొటోలు దిగే పిల్లల్లో ఎంతమందికి కిసింజర్ పేరు తెలుసు? నీ వ్యాసం వాళ్ళకి చేరాలని నా ఆశ.

అప్పటి సంభాషణల టేపులు 2005లో బయటికొచ్చాయి. అందులో ఆయన భారతీయుల్ని బూతు మాటన్నాడు. బయటపడ్డాక విచారం వ్యక్తం చేశాడు. 2019లో ఢిల్లీ వచ్చినప్పుడు మన ప్రధాని ఆయన్ని కలిసి, అంతర్జాతీయ రాజకీయాలకి చేసిన సేవని మెచ్చుకున్నారు. ఇదీ రాయి. అమెరికన్లని అడిగే ప్రశ్న మన వాళ్ళని అడక్కపోతే నీ మాటకి విలువుండదు.

ఇంతమంది ఎందుకు పొగుడుతారు? నేను నమ్మేది చెబుతాను, నువ్వు నీ ఆలోచనతో సరిచూసుకో. ఆ వేదిక మీద కూర్చున్న వాళ్ళలో చాలామంది ఏదో ఒక ఫైలు మీద సంతకం పెట్టినవాళ్ళే, రేపు పెట్టబోయేవాళ్ళే. కిసింజర్‌ని కోర్టుకి పిలవొచ్చంటే తమనీ పిలవొచ్చు. ఆయన్ని మహా దౌత్యవేత్తని చేస్తే తామూ క్షేమం. దీనికి ఎవరూ కుట్ర పన్నాల్సిన పని లేదు. విందుకి రమ్మంటే వెళ్తారు, మైకిస్తే నాలుగు మంచి మాటలు చెబుతారు, అంతే. నష్టమల్లా ఆ బాంబుల కింద పోయినవాళ్ళకి. వాళ్ళ తరఫున ఆ హాల్లో ఒక్కరూ ఉండరు.

2001 మే నెలాఖరులో పారిస్‌లో రిట్జ్ హోటల్లో ఆయన దిగి ఉన్నాడు. సైనిక నియంత పినోషే పాలనలో చిలీలో మాయమైన ఫ్రెంచి పౌరుల గురించి సాక్ష్యం చెప్పమని రోజే లె లోయిర్ అనే జడ్జి పోలీసులతో సమన్లు పంపాడు. ఆయన వెళ్ళలేదు, ఊరు విడిచి వెళ్ళిపోయాడు. అదే సెప్టెంబరులో, 1970లో హత్యకి గురైన చిలీ సైన్యాధిపతి రెనె ష్నైడర్ కుటుంబం, ఆ హత్యకి దారితీసిన కుట్రలో కిసింజర్‌కి పాత్ర ఉందంటూ అమెరికాలోనే ఆయన మీద దావా వేసింది. ఇది రాజకీయ ప్రశ్న, మేం తేల్చేది కాదని కోర్టులు కొట్టేశాయి. తీర్పు నీ వ్యాసంలో ఇవ్వకు. విచారణే జరగలేదని చూపించు.

ఆయన మంచి కూడా రాయి. చైనాతో సంబంధాలు, 1972లో సోవియట్‌తో అణ్వాయుధాల ఒప్పందం, 1973 యుద్ధం తర్వాత పశ్చిమాసియాలో రాజధానుల మధ్య తిరిగి సాధించిన ఒప్పందాలు. నాజీల బారి నుంచి తప్పించుకుని పదిహేనేళ్ళ వయసులో అమెరికా చేరిన యూదు పిల్లవాడు ఆయన. ఇవి దాచిపెడితే ఎవరో ఒకరు ఎత్తిచూపుతారు, నీ మిగతా వ్యాసమంతా అనుమానంలో పడుతుంది. నువ్వే ముందు రాసి, వీటితో ఆ చావులకి చెల్లు కుదురుతుందా అని అడుగు.

పోయినవాళ్ళ గురించి చెడు రాయకూడదని నీకు ఫోన్లు వస్తాయి. పలకరింపుకి వెళ్ళిన ఇంట్లో మాట్లాడకూడదు, నిజమే. పేపర్లో సగం పేజీ నివాళి రాసేది ఆ ఇంటివాళ్ళు కాదు. అక్కడ జవాబు చెప్పొచ్చు. మర్యాదగా చెప్పు, తేదీలతో చెప్పు, ఒక్కటి కూడా తప్పు పోకుండా చూసుకో.

మొదటి రెండు పేరాలు కొట్టేయ్. ఢాకా టెలిగ్రామ్ పూర్తి పాఠం అమెరికా ప్రభుత్వ పత్రాలు బయటపెట్టే నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ అనే సంస్థ దగ్గర దొరుకుతుంది, రాయడం మొదలుపెట్టే ముందు అది చదువు. వ్యాసం ఏప్రిల్ 6తో మొదలుపెడితే బాగుంటుందని నాకనిపిస్తోంది.

మీ అన్నయ్య