‘పగిలింది’ అంటే చాలదు

తమ్ముడూ,

ఖనిజాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. తప్పులు పెద్దగా లేవు. కానీ ఎనిమిది ఖనిజాలకీ ఒకటే మాట: ‘పగులుతుంది’. చీలడం, చిట్లడం, పెచ్చు ఊడడం, పొరలు లేవడం... మన భాషలో ఇన్ని ఉండగా ఇంత పిసినారితనం ఎందుకయ్యా?

గూడూరు, సైదాపురం వైపు పాత అభ్రకం గనుల దగ్గర అభ్రకమూ పలుగురాయీ కలిసే దొరుకుతాయి. ఒక్కో ముక్క సంపాదించు. అభ్రకం అంచులో గోరు దూర్చి లాగితే పొర లేస్తుంది, అందులోంచి ఇంకో పొర. గోరు అలిసిపోతుంది గానీ పొరలు అయిపోవు. ఇక పలుగురాయిని, కళ్లజోడు పెట్టుకుని, సుత్తితో కొట్టు. గాజులా మెరిసే ముక్కయితే పెచ్చు ఎగిరిన చోట ఆల్చిప్ప లోపలి వంపు, దాని మీద సన్నటి అలలు కనిపిస్తాయి. అభ్రకానికి వచ్చే చదును దీనికి రాదు.

రెండింటిలోనూ సిలికాన్, ఆక్సిజన్ ఉన్నాయి. తేడా అల్లికలో ఉంది. పలుగురాయిలో ఒక్కో సిలికాన్ నాలుగు ఆక్సిజన్లను పట్టుకుని, ఆ అల్లిక అన్ని వైపులకీ పాకింది. దెబ్బకి తేలిగ్గా లొంగే వైపంటూ లేదు. అభ్రకంలో అదే అల్లిక చాపలా పరుచుకుంది. ఒక్కో చాప మందం సుమారు 1 నానోమీటరు, అంటే మిల్లీమీటరులో 10 లక్షో వంతు. చాపకీ చాపకీ మధ్య పొటాషియం అయాన్ల పట్టు బలహీనం. నీ గోరు విడదీసేది దాన్నే.

కల్లుప్పు పలుకుని గరిటె కింద చిదిపి భూతద్దంలో చూడు, లంబకోణపు మూలలు కనిపిస్తాయి. సున్నపురాయిలో ఉండే కాల్సైటు ఖనిజం చేయి జారి పగిలితే స్ఫటికశాస్త్రం పుట్టిందన్న, ఫ్రెంచి శాస్త్రవేత్త హావీ కథ మాత్రం తీసెయ్, అందరూ రాసేశారు.

నేనూ తక్కువ తినలేదు. కొత్తలో ‘అన్నిటికన్నా గట్టిది వజ్రం, సుత్తికి లొంగదు’ అని రాశాను. వజ్రాలు సానబట్టే ఒకాయన కార్డు ముక్క రాశాడు: ‘గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరండీ.’ సిగ్గేసింది. వజ్రం నాలుగు దిశల్లో శుభ్రంగా చీలుతుంది. 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 3,106 క్యారెట్ల కలినన్ వజ్రాన్ని జోసెఫ్ ఆషర్ చీల్చింది ఆ దిశ పట్టుకునే.

వ్యాసం తిరగరాశాక, కవరులో నువ్వు ఒలిచిన అభ్రకం పొర ఒకటి పెట్టి పంపు. ఎంత పలచగా తీశావో చూస్తాను.

ఉంటాను,
మీ అన్నయ్య