గ్రామ బాలల పరిరక్షణ కమిటీ నడపడం సర్పంచ్ ఇష్టమేనా?

‘మా ఊళ్లో కమిటీ పేరుకే ఉంది. అడిగితే అంతా పంచాయతీ ఇష్టం అంటున్నారు, నిజమేనా?’ అని అడిగారు. సగం నిజం.

అంగన్‌వాడీ టీచరుగా చాలా ఏళ్లు ఆ కమిటీలో ఉన్నాను. సర్పంచ్ అధ్యక్షతన ఊరూరా ఇలాంటి కమిటీ ఉండాలన్నది 2009 నాటి సమగ్ర బాలల పరిరక్షణ పథకం. ఉపాధ్యాయులు, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త), అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు పిల్లలు సభ్యులు. పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం మార్గదర్శకాలు 2022లో వచ్చాక, మహిళా శిశు సంక్షేమం చూసే పంచాయతీ కమిటీ ఉంటే ఈ పనీ దానికే అప్పగించే వీలు కలిగింది. ఏ పేరుతో ఉన్నా, సమావేశం పెట్టడం, పెట్టకపోవడం ఆచరణలో పంచాయతీ చేతిలోనే ఉంటుంది. మా ఊళ్లో సంతకాల కోసం రిజిస్టరు ఇంటింటికీ తిరిగేది, సభ్యులు మాత్రం ఒకచోట కూర్చున్నది తక్కువ.

కానీ ఆపదలో ఉన్న బిడ్డ సంగతి ఎవరి ఇష్టానికీ వదిలింది కాదు. పదో తరగతి అమ్మాయికి పెళ్లి కుదిర్చారని తెలిసి సర్పంచ్‌కి చెబితే, ‘పెద్దమనుషులు మాట్లాడతారులే టీచరమ్మా, మీరు ఊరుకోండి’ అన్నారు. అమ్మాయి తండ్రి ఆయన వర్గం మనిషి మరి! పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే శిశు అభివృద్ధి అధికారి) వచ్చేసరికి ఇంటివాళ్లు ఆధార్ కార్డు చేతిలో పెట్టారు, అందులో పంతొమ్మిదేళ్లు. ప్రధానోపాధ్యాయురాలు బడి అడ్మిషన్ రిజిస్టరు తెచ్చి పేజీ తీశారు, పదహారు కూడా నిండలేదు. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి ముందు చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఆధార్ ఆ వరుసలోనే లేదు. పెళ్లి ఆగింది, జిల్లా స్థాయిలో ఉండే బాలల సంక్షేమ కమిటీ అమ్మాయిని కస్తూర్బా విద్యాలయంలో చేర్పించింది. సర్పంచ్ నాతో మాట్లాడటం మానేశారు. అదేమీ పెద్ద నష్టం కాదు.

మీరు చేయగలిగింది చెబుతాను. సభ్యుల పేర్లు, గత సమావేశం తీర్మానాలు ఇవ్వమని పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే గ్రామసభలో అడిగి, ఆ ప్రశ్నను మినిట్స్‌లో రాయించండి. సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రాని ఆడపిల్లల జాబితాను ప్రధానోపాధ్యాయులు కమిటీ ముందు పెట్టేలా చూడండి, మాఘమాసం పెళ్లి ముహూర్తాలు వెంటనే మొదలవుతాయి. పేర్లు మాత్రం గ్రామసభలో చదవనివ్వకండి.

పిల్లలపై లైంగిక వేధింపు విషయమైతే కమిటీ దాకా కూడా వెళ్లొద్దు, నేరుగా పోలీసులకు చెప్పండి. దాన్ని ఊళ్లోనే రాజీ చేసే అధికారం ఏ కమిటీకీ లేదు. తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నేరం, సర్పంచ్‌కైనా సరే.