డాక్టరు జవాబు: మా ఆయనకు వారానికో ఇంజెక్షన్ వేయించాల్నా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయనకు 44 ఏండ్లు, షుగర్ వచ్చి మూడేండ్లయింది, బరువు 88 కిలోలు, మూడు నెలల షుగర్ టెస్ట్ 8.2 వచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ గోలీలు వాడుతుండు. హైదరాబాద్‌ల ఉండే మా తమ్ముడు వారానికో ఇంజెక్షన్ తీసుకొని బాగా సన్నగైండు, ఈయన గూడ అదే కావాలంటుండు. రాత్రి జొన్న రొట్టెనే తింటడు, అయినా షుగర్ ఎందుకు తగ్గుతలేదు?

జవాబు: అమ్మా, ముందు రొట్టె సంగతి. ఎన్ని తింటున్నరు అని అడిగితే ఆయన రెండు అంటడు, పక్కన కూసున్న భార్య నాకు మాత్రమే కనపడేటట్టు నాలుగు వేళ్లు చూపిస్తది, రోజూ చూస్తనే ఉంటా. జొన్నలో పీచు ఎక్కువ, నిజమే, కానీ అదీ పిండి పదార్థమే, నాలుగు రొట్టెలు తిని పైన గింత పెరుగన్నం కలుపుకుంటే లెక్క మళ్లా మొదటికే.

ఇంజెక్షన్ అంటే సెమాగ్లుటైడ్ గానీ టిర్జెపటైడ్ గానీ అయి ఉంటది. తిన్న తర్వాత మన పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఊరుతది, ఈ మందులు దానిలెక్క పనిచేసి ఆకలి తగ్గిస్తయి, కడుపు తొందరగా ఖాళీ కానియ్యవు. (ఈ జాతి మందుల్లో మొదటిది 2005లో అమెరికాలో వచ్చింది, అది అక్కడి ఎడారి బల్లి ఒకదాని లాలాజలంలో దొరికిన పదార్థం చూసి తయారుచేసిందే!) పనిచేస్తయా అంటే చేస్తయి, 2021లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో షుగర్ లేని లావుపాటి మనుషులు సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గిన్రు. కానీ ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్ల మూడింట రెండొంతులు మళ్లా ఎక్కింది, ఈ ముక్క మీ తమ్ముడు చెప్పి ఉండడు. వాంతులు, మలబద్ధకం మామూలే, కండ గూడ కరుగుతది. గ్లిమిపిరైడ్‌తో కలిపితే షుగర్ ఒక్కసారే పడిపోవచ్చు, అందుకే ఆ గోలీ డోసు డాక్టరే తగ్గియ్యాలె, సొంతంగా షాపుల కొని పొడుచుకోవద్దు. మొదలుపెట్టే ముందు కంటి రెటీనా టెస్ట్ గూడ చేయించుండ్రి.

నన్నడిగితే మీ ఆయనకు ఇంకో దారి ఉంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ చేసిన్రు, షుగర్ వచ్చి ఆరేండ్లు దాటనోళ్లకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారమే ఇచ్చిన్రు, 2017లో వచ్చిన ఫలితం చూస్తే ఏడాది నిండేసరికి 46 శాతం మందికి గోలీలు లేకుండనే షుగర్ డయాబెటిస్ గీత కిందికొచ్చింది, 15 కిలోలు పైగా తగ్గినోళ్లలో అయితే 86 శాతం. మూడేండ్ల షుగర్ కాబట్టి మీకు టైం ఉంది. కానీ గోలీలు మింగుకుంట ఇంట్ల పస్తులుంటే కళ్లు తిరిగి పడిపోతరు, డాక్టర్ చూస్తుండగనే చేయాలె.

ప్రశ్న: థైరాయిడ్ గోలీ 75 రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) 9 ఉంది, ఎక్కువే అంటున్నరు. డోసు పెంచాల్నా? (వనపర్తి నుంచి ఒక చెల్లె)

జవాబు: గోలీ ఛాయ్‌తోని మింగుతున్నవా చెల్లె? అట్లయితే మందు ఒంటికి సరిగ పట్టదు. పరగడుపున నీళ్లతో వేసుకొని ముప్పావు గంట, గంట ఆగి ఛాయ్ తాగు, ఐరన్, కాల్షియం గోలీలుంటే నాలుగు గంటల ఎడం పెట్టు. ఆరు వారాలు ఇట్ల చేసి అప్పుడు టెస్ట్ చేయించు, ముందే చేయిస్తే పైసలు దండగ.