మళ్లీ గర్భం వస్తే పెద్ద బిడ్డకు పాలు మాన్పించాలా?

గర్భం ఆరోగ్యంగా సాగుతున్నంత వరకు పెద్ద బిడ్డకు పాలు మాన్పించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. బిడ్డ పాలు తాగేటప్పుడు తల్లి శరీరంలో విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోను గర్భాశయాన్ని స్వల్పంగా సంకోచింపజేస్తుంది. గర్భస్రావం భయం అక్కడే పుట్టింది. అయితే ఆ హార్మోనుకు స్పందించే గ్రాహకాలు నెలలు నిండే వరకు గర్భాశయంలో తక్కువగానే ఉంటాయి కనుక, ఆరోగ్యకరమైన గర్భంలో ఆ సంకోచాలు సాధారణంగా ప్రసవానికి దారితీయవు. గతంలో నెలలు నిండకుండా ప్రసవమైనవారు, రక్తస్రావం కనిపించినవారు, కవలలను మోస్తున్నవారు మాత్రం వైద్యులను అడిగాకే కొనసాగించాలి.

నిజంగా గమనించవలసింది పాల పరిమాణాన్ని. గర్భధారణ హార్మోన్ల వల్ల నాలుగైదు నెలలకు చాలామందిలో పాలు బాగా తగ్గి, క్రమంగా ముర్రుపాలుగా మారతాయి. రుచి నచ్చక కొందరు పిల్లలు తామే మానేస్తారు. ఉదాహరణకు, ఏడాదిన్నర బిడ్డకు ఈ లోటును ఇతర ఆహారం తీరుస్తుంది గాని, ఎనిమిది నెలల పసిబిడ్డకు ఫార్ములా పాలు తోడు కావలసి రావచ్చు.

గర్భిణి పాలు విరిగిపోతాయని, తాగిన బిడ్డకు జబ్బు చేస్తుందని చాలామంది నమ్ముతారు. అది అపోహ. తల్లి తగినంత తింటున్నప్పుడు కడుపులోని శిశువుకు పోషణ తగ్గుతుందన్న భయం కూడా అవసరం లేదు.